ముప్ఫై సెకన్ల సినిమా... రెండు వందల గజాల భూమి!

"బామ్మర్దీ, నాకో ట్రైలర్ తీసిపెట్టరా!" అన్నాడు మా బావ.

ఆయన హీరోగా వస్తున్నాడేమోనని కంగారుపడకండి! మా అక్క భర్త ప్లాట్లు అమ్మే ఏజెంటు. నేనేమో కృష్ణానగర్‌లో గది తీసుకుని, మూడు చిత్రాలకు సహాయ దర్శకుడిగా పనిచేసి, వాటిలో ఒక్కటీ రెండో వారం చూడక, ఖాళీగా కూర్చున్నవాణ్ని. పాతిక వేలిస్తానన్నాడు. కాదంటానా?

సాగర్ రోడ్డులో వెంచరు. తెల్లవారుజామున షూటింగు. మంచు, సూర్యోదయం, గేటు ముందు నవ్వుతూ నడిచే జంట... అన్నీ కుదిరాయి. వెనకాల హైటెన్షన్ తీగలొక్కటే అడ్డం.

"అవి పడకుండా తియ్యరా" అన్నాడు బావ.

అదెంత పని? కెమెరా రెండడుగులు జరిపాను. తీగలు మాయం! ముప్ఫై సెకన్ల రీల్ రెండు రోజుల్లో లక్షమంది చూశారు. నా సినిమాలు మూడింటినీ కలిపి అంతమంది చూశారో లేదో!

అసలు కథ ఇక్కడ మొదలైంది

పది రోజుల తర్వాత ఒక రిటైర్డు ఆర్టీసీ డ్రైవరుగారు బావ ఆఫీసుకొచ్చారు. రీల్ చూసి, ఫోన్లోనే లక్ష రూపాయలు టోకెన్ పంపిన మనిషి. స్థలం ఆ ఉదయమే చూసొచ్చారట. కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు.

"తీగలు వీడియోలో కనబడలేదు బాబూ" అన్నారంతే.

తల ఎత్తలేకపోయాను. కంపెనీవాళ్లు టోకెన్ తిరిగివ్వం పొమ్మన్నారు. పైగా ఆ వెంచరుకు రెరా నంబరే లేదని అప్పుడు తెలిసింది! 2016 నాటి రెరా చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును రిజిస్టరు చేయించందే ప్రకటన ఇవ్వకూడదు. ప్రకటనలో ఆ నంబరు ఉండి తీరాలి. ఏజెంటు కూడా రిజిస్టరు కావాలి, రిజిస్టరు కాని ప్రాజెక్టు అమ్మిపెట్టకూడదు. ఫోన్లో వేసే రీల్ కూడా ప్రకటనే కదా!

బావ తన జేబులోంచి డెబ్బై అయిదు వేలు, నేను నా పాతిక వేలు కలిపి ఆ పెద్దాయనకు ఇచ్చేశాం. అక్క వారం రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు.

కొత్త స్క్రీన్‌ప్లే

ఆ తర్వాత బావా నేనూ కూర్చుని కొత్త ప్లాను రాసుకున్నాం. మీ ఇంట్లోనూ ఒక ఏజెంటు ఉండే ఉంటాడు. కాస్త వినిపించండి.

సోమవారం: రోడ్డు. అందరికీ తెలిసిన చౌరస్తా నుంచి వెంచరు గేటు దాకా ఒకే షాటు, కట్ లేదు. "పావుగంటలో చేరతారు" అని చెప్పడం కాదు, గడియారం చూపించాలి.

బుధవారం: ఒక సందేహం, ఒక జవాబు. ఇ.సి. అంటే ఏమిటి? లింకు డాక్యుమెంట్లు ఎందుకు చూడాలి? ఇలాంటివి యూట్యూబులో తీరిగ్గా చెప్పాలి. వాటినుంచి ఒక ముక్క ఇన్‌స్టాగ్రాంలో వేస్తే చాలు.

శుక్రవారం: సెలవు! ఆ రోజు ఫోన్లన్నీ కొత్త సినిమాలవి. మన ప్లాటు మొహం ఎవడు చూస్తాడు?

ఆదివారం: రాత్రి 8 గంటలకు లైవ్. వేసవిలో న్యూజెర్సీ తెలుగువాళ్లకు అది ఉదయం 10.30. కాఫీ తాగుతూ ప్రశ్నలు అడుగుతారు. తెలియనిదానికి "కనుక్కుని చెబుతా" అనాలి, కనుక్కుని చెప్పాలి.

హిట్ పాట పెడదామని బావ సరదాపడ్డాడు. వద్దన్నాను. వ్యాపారానికి వాడాలంటే పాట హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. పేరున్న నటుణ్ణి తెద్దామన్నాడు. 2019 వినియోగదారుల చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన తారకు కూడా 10 లక్షల దాకా జరిమానా పడొచ్చని చెప్పాను. బావ వెంటనే తనే హీరో అయిపోయాడు!

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటి పెట్టుకున్నాం. స్థలంలో ఉన్న లోపం మొదటి అయిదు సెకన్లలోనే చూపించాలి. విలన్ని ఇంటర్వెల్ దాకా దాచడం సినిమాకు అందం. ప్లాటుకు కాదు.

మరి కలెక్షన్లు?

నిజం చెబుతాను. లక్షలు పోయి వేలకు దిగాం. నాలుగు నెలల్లో అమ్మింది మూడు ప్లాట్లే. కానీ వచ్చినవాళ్లు ముందే అన్నీ చూసి వచ్చారు. ఎవరూ టోకెన్ వెనక్కి అడగలేదు.

మొన్న ఆ డ్రైవరుగారే ఫోన్ చేశారు. "కొత్త వీడియో చూశాను బాబూ. వానాకాలం నీళ్లు నిలుస్తాయని మీరే చెప్పేశారే!" అని నవ్వారు. తర్వాత కాసేపాగి, "మా అల్లుడు స్థలం చూస్తున్నాడు. మీ బావగారి నంబరు ఇవ్వమంటారా?" అన్నారు.

నా చిత్రాలకు దొరకని మంచి రివ్యూ నాకు ఇన్నాళ్లకు దొరికింది!