వంశము నిలిపిన కూఁతురు

వంశవృక్షములందుఁ గొమారుల పేళ్లు కొమ్మలై విస్తరించుటయు, కూఁతుండ్ర పేళ్లు మఱుఁగున నుండుటయు సర్వసాధారణము. డెన్మార్కు రాజవంశమును మాత్ర మొక కూఁతురు నిలిపినది.

నాల్గవ వాల్డెమారు రాజునకు 1353లో జన్మించిన మార్గరెట్టు పదేండ్ల ప్రాయమున నార్వేరాజగు హాకనును వివాహమాడెను. 1375లోఁ దండ్రి గతించునాఁటికిఁ గొడుకులు లేరు. అక్క కొడుకు సింహాసనమును గోరుచుండఁగా, ఆమె పెద్దలను సమ్మతింపఁజేసి, 1376లో నైదేండ్ల తన కొడుకు ఓలాఫును రాజుగా నెన్నుకొనునట్లు చేసెను. 1380లో భర్తయు, 1387లోఁ బదునాఱేండ్ల యా యేకైకపుత్రుఁడును మరణించిరి. ఆ తల్లి గుండె యెంత తల్లడిల్లెనో! అయినను ధైర్యమును విడువలేదు.

డెన్మార్కు పెద్ద లామెను రాజ్యమునకు స్వామినిగాను, సంరక్షకురాలుగాను వరించిరి; కిరీటము మాత్ర మీయలేదు. ఆమె తన యక్క కూఁతురి కొడుకగు బొగిస్లావును దత్తుఁ జేసికొని, ఎరిక్కని పేరిడి, 1397లోఁ గాల్మారు నగరమున డెన్మార్కు, నార్వే, స్వీడను రాజ్యములు మూఁటికి నభిషిక్తునిఁ జేయించెను. కిరీట మతనిది, 1412లోఁ గన్నుమూయువఱకుఁ బాలన మామెది.

1953లో డెన్మార్కు శాసనము కూఁతుండ్రకు సింహాసనార్హత నొసఁగెను. 1972లో రాజ్యమునకు వచ్చిన రాణి “రెండవ మార్గరెట్టు” అని పేరు దాల్చెను. కిరీటము నోఁచని యా తొలి మార్గరెట్టునకు 560 ఏండ్ల పిదప దక్కిన గౌరవమంతయు నా “రెండవ” యను మాటయందే యున్నది.