తేనీటి కూజా – ఒక కుమ్మరి వంశము

అమీర్‌పేట నుండి పంజాగుట్టకు నడచు బాటసారికి ఇరానీ తేనీటి పరిమళము పరిచితమే. మూతవేసిన పాత్రలో డికాషను సన్నని సెగపై నిలిచియుండగా, వేఱొక పాత్రలో మరగి చిక్కబడిన పాలను దానితో కప్పులోనే కలిపి యిచ్చుట భాగ్యనగర సంప్రదాయము. ఆకు సారమును నీటిలోనికి దింపి, ఆ వేడిమిని కొంతసేపు నిలుపుటకే మట్టితో నిర్మింపబడిన చిన్న యంత్రము తేనీటి కూజా. దానిని యంత్రమనుటలో అతిశయోక్తి లేదు. మూతయందలి సన్నని రంధ్రము గాలిని లోనికి రానీయకున్నచో ధార తెగితెగి పడును. కొమ్ము చివర కూజా అంచుకంటె పల్లమున నున్నచో నింపుచుండగనే నీరు పొర్లిపోవును.

చైనాలోని యీషింగు ఎఱ్ఱమట్టి కూజాలు ఐరోపాకు చేరిన పిదప, 17వ శతాబ్ది చివర, ఎలర్స్ సోదరులు ఇంగ్లండునందలి స్టాఫర్డ్‌షైరులో వానిని అనుకరించిరి. ఆ సీమయందే, బర్స్‌లెమ్ గ్రామమున, తరతరములుగా కుమ్మరిపనియే జీవికగాఁ గల వెడ్జ్‌వుడ్ కుటుంబమున 1730లో జొసయా జన్మించెను. తొమ్మిదవయేట తండ్రిని కోల్పోయి, అన్నయొద్ద శిష్యుడై పని నేర్చిన ఆ బాలునకు, మశూచికము వలన కుడి మోకాలు చెడి, సారెను కాలితో త్రిప్పు శక్తి పోయెను. 1768లో ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. ఆతని బుద్ధి మన్ను స్వభావము మీదికిని, మెరుగుపూతల మీదికిని మరలుటకు ఈ దుఃఖమే ముఖ్యకారణమని నా తలంపు. 1759లో సొంత కార్ఖానా పెట్టి, కాల్చి పొడిచేసిన చెకుముకిరాయి కలిసిన లేతమీగడ వన్నె పాత్రలను మెరుగుపఱచి, షార్లెట్ రాణి మెప్పు వడసెను. నల్లరాతి వంటి కూజాలనుగూడ చేయించెను.

కాని ఆవములోని అగ్ని ఆతనికి లొంగలేదు. ఉష్ణమాపకములోని పాదరసము సుమారు 357 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరగును. ఆవమునందలి వేడి వేయి డిగ్రీలను దాటును. అందుచేత కుమ్మరులు మంట రంగును జూచియే వేడిని ఊహించెడివారు. బంకమన్ను కాలినకొలది కుంచించుకొనునను సంగతిని జొసయా ఆధారముగాఁ గొనెను. చిన్న మట్టిబిళ్లలను ఆవములో నుంచి, చల్లారిన పిదప, క్రమముగా ఇరుకగుచుండు ఇత్తడి పట్టీల నడుమ జార్చిన, ఎక్కువ కాలిన బిళ్ల ఎక్కువ దూరము పోవును. ఈ సాధనమును 1782లో రాయల్ సొసైటీకి నివేదింపగా, మఱుసటి యేట ఆ విద్వత్సభ ఆతనిని సభ్యునిగా గ్రహించెను. ఆతని లెక్కలు సరికావు: పోతయినుము కరగు వేడిని సుమారు పదివేల డిగ్రీలని యెంచెను, నిజమునకది 1,200 డిగ్రీలకు సమీపము. అయినను నిన్నటి మంటను నేటి మంటతో పోల్చుటకు ఆ బిళ్ల చాలును, కుమ్మరికి కావలసినదియు అదియే.

అమీర్‌పేటలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఒకసారి తమ విద్యార్థుల చేత పచ్చిమట్టి బిళ్లను కొలిపించి, కుమ్మరి ఆవములో కాల్పించి, మరల కొలిపింతురుగాక.