పడకయే విఱుగు నెముక

ఎముక విఱిగినదనగానే మెట్లమీదనుండి జాఱిపడుటయో, బండి తగులుటయో మనకు స్ఫురించును. ఏ దెబ్బయు లేక, నిత్యము పరుగెత్తుటచేతనే ఎముక సన్నముగా బీటవాఱునని చెప్పిన నమ్మువారు తక్కువ. దీనిని వైద్యులు స్ట్రెస్ ఫ్రాక్చరు అందురు. 1855లో బ్రైట్‌హౌప్ట్ అను ప్రష్యా సైనికవైద్యుడు, కవాతు చేయు సిపాయిల పాదముల వాపును గూర్చి మొదట వ్రాసెను. అది ఎముక బీటయని తేలుటకు ఎక్స్‌రే పుట్టవలసివచ్చెను.

మన పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగుహాములో స్వర్ణపతకము గెలిచినది. వెంటనే ఎడమకాలియందిట్టి బీట బయటపడగా ప్రపంచపు పోటీలు మానుకొని, మఱల 2023 జనవరిలోగాని ఆడలేదు. వైద్యులు వెన్నంటియుండు క్రీడాకారిణికే తప్పనిది, దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలోనుండి పోలీసు కొలువునకు చదువుచు, వేకువనే సరూర్‌నగరులో పరుగెత్తు పిల్లలకు తప్పునా? 2022 నాటి కానిస్టేబులు ఎంపికలో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టిరి. అంతవఱకు పుస్తకము ముందు కదలక కూర్చున్న పిల్ల, ప్రకటన వెలువడిన మఱునాటినుండి రెండుపూటల పరుగెత్తును. చిక్కంతయు నక్కడనే యున్నది.

ఎముక యెండుకట్టె కాదు. శ్రమ కలిగినపుడు పాతభాగము కరగి క్రొత్తది కట్టుచుండును. కరగుట వేగము, కట్టుట మందము. నడుమ విశ్రాంతి లేకున్న బీట పుట్టును. చాలినంత తినని బాలికలకీ భయము మఱింత హెచ్చు. నెలసరి తప్పుచున్నదా యని తల్లులు విధిగా నడుగవలెను. వేడిచేసినదని మన యిండ్లలో కొట్టివేయు నా సంగతియే, ఒక్కొకప్పుడు ఎముక బలము తగ్గుచున్నదనుటకు ముందుగుఱుతు.

పాదముమీదగాని, మోకాలిక్రింది యెముకమీదగాని ఒక్క వ్రేలితో చూపదగినంత చోట నొప్పి యుండును. పరుగున హెచ్చి, కూర్చుండిన తగ్గును. ముదిరిన రాత్రియు బాధించును. మొదటి రెండుమూడు వారములు ఎక్స్‌రేలో ఏమియు కనబడకపోవచ్చును. "ఫోటో బాగున్నది గదా" యని పిల్లను మఱల మైదానమునకు పంపరాదు. ఎమ్మారై పరీక్షలో తొలిదశయందే తెలియును.

చికిత్సలో మందుకన్న మానుట ముఖ్యము. తఱచుగా ఆఱునుండి ఎనిమిది వారములు పరుగు విడువవలెను. నొప్పిమాత్ర మ్రింగి పరుగెత్తుట, తైలముతో గట్టిగా మర్దించుట కూడదు. బీట యెచ్చటనో తెలియకుండ పుత్తూరు కట్టుకు పరుగిడుటయు నాకు సమ్మతము గాదు. గజ్జలో నొప్పియైనచో నొకదినమైనను ఆలసింపరాదు. తొడయెముక మెడయందు బీట యుండిన, అది పూర్తిగా విఱిగి శస్త్రచికిత్స వఱకు పోవచ్చును.

ఈలోగా పాలు, పెరుగు, రాగిజావ, పప్పు, గ్రుడ్లు కడుపునిండ పెట్టుడు. విటమిన్ డి పరీక్ష చేయించుడు. నొప్పిలేక నడువగలిగిన పిమ్మట, నడకలో నడుమనడుమ కొంచెము పరుగు కలుపుచు వారవారము పెంచవలెను. నొప్పి తిరిగివచ్చిన ఆనాటికి ఆపి వైద్యునకు తెలుపవలెను.