మేకపిల్లకు మొదటి గంట

మా హోసూరు పక్క పల్లెల్లో చాలా ఇళ్ళల్లో నాలుగైదు మేకలుంటాయి. ఒక పిల్ల పోయిందంటే కాలేజీ ఫీజు పోయినట్టే. అందుకే ఈ నాలుగు మాటలు.

మేక ఈనగానే వచ్చే చిక్కటి పాలు ముర్రుపాలు. తమిళంలో సీంపాల్ అంటారు. "మాయ పడేదాకా పిల్లను తాగనీయొద్దు" అని మా అవ్వ అంటుంది. అది సరికాదు. రోగాన్ని తట్టుకునే శక్తి కడుపులో ఉన్నప్పుడు మాయ దాటి పిల్లకు చేరదు, ముర్రుపాలతోనే అందాలి. దాన్ని పీల్చుకునే గుణం పిల్ల పేగుల్లో గంటగంటకూ తగ్గి, ఒక రోజుకు దాదాపు ఆగిపోతుంది. కాబట్టి మొదటి గంటలోనే తాగించాలి. 2 కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం 200 మిల్లీలీటర్లు కావాలి, కొంచెం కొంచెంగా పట్టాలి. పైగా పిల్ల పాలు చీకితే మాయ పడడానికీ సాయమే.

బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి. పడుకునే చోటు పొడిగా, చలిగాలి తగలకుండా ఉండాలి. మూడు నెలలు దాటాక పశువుల ఆసుపత్రిలో పారుడు రోగానికి, చిటుకు రోగానికి టీకాలు వేయించాలి. నట్టల మందు ఎప్పుడెప్పుడు తాగించాలో అక్కడే అడగండి.

మీ ఇంట్లో మేక ఈనితే అవ్వతో వాదన పెట్టుకోకండి. ముందు పిల్లను పొదుగు దగ్గర నిలబెట్టండి. మాయ పడడం అవ్వ చూసుకుంటుంది.