మీకు తెలుసా? బ్యాటరీ లైటుకూ ఒక లెక్కుంది

పల్నాడు జిల్లా నూజెండ్లలో అర్ధరాత్రి దొడ్లో చప్పుడైతే చెయ్యి ముందు తడుముకునేది బ్యాటరీ లైటునే. ఆ లైటు ఎంచుకోవడానికీ ఒక లెక్కుంది.

డబ్బా మీద రాసే ల్యూమెన్లు లైటు చిమ్మే మొత్తం వెలుగు. అది ఎంత దూరం పోతుందో చెప్పేది క్యాండెలా. 10,000 క్యాండెలాల లైటు 200 మీటర్ల అవతల పడేసేది పున్నమి వెన్నెలంత వెలుగే. కంపెనీలు గొప్పగా చెప్పే ‘దూరం’ అదే! 100 మీటర్లకైతే 2,500 చాలు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది మరి.

మిరప కల్లం కాపలాకు సన్నగా, దూరం కొట్టే లైటు మేలు. దాన్నే సున్నం కొట్టిన వసారాలో వేశారా, వెలుగు గోడ మీంచి తిరిగొచ్చి మీ కళ్లే బైర్లు కమ్ముతాయి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఆ అలవాటు చెడటానికి క్షణం చాలు. ఇంట్లోకి తక్కువ వెలుగుదే తీసుకుని పైకప్పు వైపు తిప్పి వేయండి. గదంతా కనిపిస్తుంది, దూలం మీది పిల్లితో సహా.