ఆపమంటే ఆగడం

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పులుల లెక్క సగం అడవిలో తేలుతుంది, సగం కంప్యూటర్ ముందు తేలుతుంది. 2,611 చదరపు కిలోమీటర్ల నల్లమల అది. ఒకప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో కలిసి ఉండేది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు మిగిలిన అడవికి అమ్రాబాద్ పేరు పెట్టారు. జంతువులు నడిచే బాటకు అటొకటి ఇటొకటి కెమెరాలు కడతారు. పులి ఎడమ పక్క చారలు కుడి పక్కవాటితో కలవవు కాబట్టి రెండు వైపులా ఫొటో కావాలి. తర్వాత మెమరీ కార్డులు తీసి చూస్తే పులికన్నా ముందు కనబడేవి గాలికి ఊగిన గడ్డి, దుప్పులు, ఎలుగులు, మేతకొచ్చిన పశువులు, ఆ దారిన పోయే మనుషులు.

2018 లెక్కింపులో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3,48,58,623 ఫొటోలు వచ్చాయి. పులి ఉన్నవి 76,651. అంటే సుమారు 455 ఫొటోలు తిరగేస్తే ఒక పులి. ఆ గుట్టను జంతువుల వారీగా వేరుచేయడానికి క్యాట్‌రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ పులి ఏదో చారలను బట్టి తేల్చడానికి లెక్స్ హైబీ బృందం తయారుచేసిన ఎక్స్‌ట్రాక్ట్ కంపేర్ ఉంది. పులి ఒంటికి ఒక త్రిమితీయ నమూనా తొడిగి, చారలను దానిమీద పరిచి పోల్చే పద్ధతి అది, 2009లో ప్రచురించారు. వెయ్యి ఫొటోలను ప్రతి ఒక్కదాన్నీ మిగతా వాటితో పోల్చాలంటే 4,99,500 పోలికలు చేయాలి.

ఇంత పని చేసే ప్రోగ్రాం మామూలుగా దాన్ని ముక్కలు చేసి థ్రెడ్లకు పంచుతుంది. ఒకే ప్రోగ్రాం లోపల ఒకేసారి నడిచే పనుల దారాలు అవి. ఒకటి ఫొటో చదువుతుంది, నాలుగు పోలుస్తాయి, ఇంకొకటి ఫలితం రాస్తుంది. గంట గడిచాక, ఎంచుకున్న ఫోల్డరు నిరుటిదని తెలిసిందనుకుందాం. తెరమీద ‘రద్దు’ అన్న బటన్ ఉంది. నొక్కితే లోపల ఏం జరగాలి? కంప్యూటర్ శాస్త్రం దీనికి సరైన జవాబు చెప్పడానికి దాదాపు అరవై ఏళ్లు తీసుకుంది. ఆ బటన్ చరిత్ర నాకు ఏ ప్రాసెసర్ చరిత్రకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. యంత్రం ఎంత వేగంగా పరిగెత్తినా, మనిషి వద్దన్నప్పుడు నిలబడకపోతే దాన్ని మనం వాడుతున్నట్టు కాదు.

పంచ్ కార్డుల కాలంలో ఈ ప్రశ్నే లేదు. కార్డుల కట్ట కౌంటర్లో ఇచ్చి ఇంటికి వెళ్లేవారు. ఆపాలంటే ఆపరేటరే ఆపాలి. 1961 నవంబరులో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించింది. ఒకే కంప్యూటర్‌ను పలువురు తమ తమ టెర్మినళ్ల నుంచి ఒకేసారి వాడుకోవచ్చు. అక్కడ కూర్చున్న మనిషి ఒక సంకేతం పంపి నడుస్తున్న తన ప్రోగ్రామును ఆపుకోగలిగాడు. ఆ తర్వాత డెక్ కంపెనీ యంత్రాల్లో కంట్రోల్, సి మీటల జత వచ్చింది. అదే నేటికీ కోట్ల మంది వేళ్లకు అలవాటు. యూనిక్స్ దీన్ని చక్కగా కట్టుదిట్టం చేసింది. అక్కడ ప్రతి ప్రాసెస్‌కూ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ, తన సొంత జ్ఞాపకం, చుట్టూ గోడ. అది చనిపోతే వ్యవస్థకు గుండెలాంటి కెర్నెల్ వచ్చి దాని జ్ఞాపకాన్ని తిరిగి తీసుకుంటుంది, తెరిచిన ఫైళ్లు మూస్తుంది.

థ్రెడ్లకు మధ్య ఆ గోడ లేదు. అందరిదీ ఒకే జ్ఞాపకం, ఒకే పట్టిక. ఇద్దరు ఒకేసారి పట్టికలో రాయకుండా ఒక లాక్ ఉంటుంది. రాసేవాడు దాన్ని పట్టుకుని రాసి వదులుతాడు. పులి ఫొటోల ఉదాహరణే చూడండి. ఒక థ్రెడ్ జాబితాలో ఫొటో పేరు చేర్చింది, పక్కనున్న మొత్తాన్ని ఒకటి పెంచాలి. సరిగ్గా ఆ రెండు అడుగుల మధ్య దాన్ని చంపేస్తే జాబితా ఒకటి చెబుతుంది, మొత్తం ఇంకొకటి చెబుతుంది. ఏ ఎర్రర్ రాదు. తప్పు లెక్క నిశ్శబ్దంగా నివేదికలోకి వెళ్తుంది.

విండోస్‌లోనూ జావాలోనూ ఈ దెబ్బ రెండు రకాలుగా తగిలింది. విండోస్‌లో టెర్మినేట్‌థ్రెడ్ అనే ఆజ్ఞ థ్రెడ్‌ను అక్కడికక్కడే నరికేస్తుంది, కానీ అది పట్టుకున్న లాక్‌ను ఎవరూ వదిలించరు. ఆ క్షణంలో అది జ్ఞాపకం అడుగుతూ ఉండి, జ్ఞాపకం పంచే చోటి లాక్ (హీప్ లాక్) దాని చేతిలోనే ఉంటే, ఇక జ్ఞాపకం కావలసిన థ్రెడ్లన్నీ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. 1996లో వచ్చిన జావా ఇందుకు ఎదురుగా నడిచింది. థ్రెడ్ స్టాప్ అంటే చాలు, థ్రెడ్ చచ్చేముందు లాకులన్నీ వదిలేది. దాంతో సగం రాసిన పట్టిక అందరి ముందూ తెరుచుకునేది. 1998లో జావా 1.2 వచ్చేసరికి దాన్ని వాడవద్దని తయారీదారులే రాశారు. 2023 మార్చిలో జావా 20 వచ్చాక ఆ ఆజ్ఞ ఇస్తే పని చేయదు, ‘ఇది కుదరదు’ అన్న ఎర్రరే తిరిగొస్తుంది. వద్దన్నదాన్ని నిజంగా పనిచేయకుండా చేయడానికి పాతికేళ్లు పట్టింది. అప్పటికే రాసిన ప్రోగ్రాములు విరగకుండా చూడాలి కదా.

అమ్రాబాద్ ప్రాంతం పొడతూర్పు ఎడ్లకు పేరు. ఒంటినిండా మచ్చలుండే ఈ జాతితో దున్నే రైతు, ఆపాలనుకుంటే వెనకనుంచి కాడి నరకడు, కేక వేస్తాడు. కేక విన్న ఎద్దు ఎత్తిన అడుగు నేలమీద పెట్టి నిలబడుతుంది. చివరికి కంప్యూటర్ శాస్త్రమూ ఈ దారికే వచ్చింది. ఆపాలనుకున్నవాడు ఒక జెండా ఎత్తుతాడు. పనిచేసే థ్రెడ్ తనకు తాను, తన చేతిలో లాక్ లేని చోట, ఆ జెండా వైపు చూసి, చేతిలోని పని సర్దుకుని తప్పుకుంటుంది. 1995లో వచ్చిన పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం ఇందుకు ‘రద్దు స్థానాలు’ నిర్ణయించింది. మామూలుగా ఫైలు చదివేటప్పుడు, నిద్రపోయేటప్పుడు, ఎదురుచూసేటప్పుడు, ఇలాంటి చోట్లే రద్దు అమలవుతుంది. వెళ్లేముందు శుభ్రం చేసే పనులను ముందే నమోదు చేసుకోవచ్చు. 2010లో డాట్‌నెట్ 4 జెండాను రెండుగా విడదీసింది. రద్దు చేసే అధికారం ఒకరి దగ్గర, రద్దయిందా అని చూడగల టోకెన్ పనివాళ్ల దగ్గర. 2016 ఆగస్టులో గో భాష 1.7లోకి చేరిన కాంటెక్స్ట్ దీన్ని చెట్టులా అల్లింది. పెద్ద పనిని రద్దుచేస్తే దాని కింద పుట్టిన చిన్న పనులన్నిటికీ కబురు అందుతుంది. ఇవన్నీ చూస్తే నాకు డాట్‌నెట్ చేసిన ఆ విభజనే అన్నిటికన్నా తెలివైనదనిపిస్తుంది. పనివాడు పొరపాటున కూడా పక్కవాళ్ల పనిని ఆపలేడు.

జెండా ఎత్తడం తేలిక, అది కనబడేలా చేయడం కష్టం. మామూలు వేరియబుల్‌ను జెండాగా వాడితే, లూపులో దాన్నెవరూ మార్చడంలేదని కంపైలర్ అనుకుని ఒక్కసారి చూసి ఊరుకుంటుంది. బటన్ నొక్కినా థ్రెడ్‌కు ఆ కబురు ఎప్పటికీ అందదు. అందుకే అలాంటి జెండాను జావాలో ‘వొలటైల్’ అనీ, సి++లో ‘అటామిక్’ అనీ ప్రకటించాలి. ఎదురుచూస్తూ నిద్రపోయే థ్రెడ్ జెండా చూడదు, దాన్ని లేపాలి. జావాలో ఇంటరప్ట్ చేసే పని అదే. ఇక బయటివాళ్లు రాసిన లైబ్రరీ ఒకే పిలుపులో పది నిమిషాలు మునిగిపోతే లేపేవాడూ ఏమీ చేయలేడు. అలాంటి పనిని వేరే ప్రాసెస్‌లో నడిపించి, అవసరమైతే ఆ ప్రాసెస్‌నే ముగించాలి. యూనిక్స్ గోడ మళ్లీ అక్కరకొస్తుంది.

అన్నిటికన్నా మామూలు పొరపాటు ఇంకొకటి ఉంది. తెరను నడిపే థ్రెడ్‌తోనే ఫొటోలు పోల్చిస్తారు. అప్పుడు బటన్ నొక్కిన సంగతి వరుసలో పడి ఉంటుంది, చూసేవాడు పనిలో ఉంటాడు. ‘స్పందించడం లేదు’ అన్న మాట వచ్చేది ఇలాగే. మనిషి ధ్యాస ఒక పనిమీద నిలిచేది సుమారు 10 సెకన్లని 1968లో రాబర్ట్ మిల్లర్ చెప్పిన మాటను 1993లో జేకబ్ నీల్సన్ మళ్లీ గట్టిగా చెప్పారు. అంతకుమించే పనికి ఎంతవరకు వచ్చిందో చూపే గీత ఉండాలి, ఆపే దారి ఉండాలి. నొక్కిన వెంటనే ‘ఆపుతున్నాం’ అని చూపాలి, థ్రెడ్లు సర్దుకోవడానికి ఇంకో రెండు క్షణాలు పట్టినా సరే.

ఆపాక చేసిన పని ఏమవాలి? పులి ఫొటోలకైతే పారేయకూడదు. ఒక్కో ఫొటో ముగిశాక జెండా చూస్తే సరిపోతుంది. అంతవరకు తేలినది వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెడితే సగం ఫైలు ఎవరి కంటా పడదు. జంతువు, మనిషి, వాహనం ఉన్న ఫొటోలను వేరుచేసే మెగాడిటెక్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఇన్ని ఫొటోలకొకసారి ఫలితం దాచుకుని, ఆగిన చోటునుంచే మొదలుపెట్టే వీలుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఆఖరి ఫొటో పూర్తయ్యే క్షణంలోనే రద్దు నొక్కితే? 2004లో జావా 5 తెచ్చిన ఫ్యూచర్ అనే ఏర్పాటులో దీనికి తీర్పు ఉంది. పని ముందు ముగిస్తే రద్దు ‘కాదు’ అని తిరిగొస్తుంది, ఫలితం చెల్లుతుంది. రద్దు ముందు పడితే ఆ తర్వాత వచ్చిన ఫలితాన్ని ఎవరూ తీసుకోరు. ఒకే పనికి రెండు ముగింపులు ఉండవు.