సబ్బు తెట్టు, తొలి కణపు గోడ

మా మదర్సా బోరునీటిలో సబ్బు సరిగా నురగదు. బట్టలుతికిన తొట్టి అంచున తెల్లని తెట్టు మిగులుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలను పట్టి పేరబెట్టడమే దీనికి కారణం. భూమిపై తొలి కణాలు ఎలా ఏర్పడ్డాయని పరిశోధించేవారిని వేధిస్తున్నదీ ఈ తెట్టేనని ఇటీవలే మాకు తెలిసింది.

"తొలి కణం దానంతటదే ఏర్పడిందని పాఠంలో ఉంది, నిజమేనా హజ్రత్?" అని ఒక విద్యార్థి అడిగాడు. గద్దించి కూర్చోబెట్టడం సులభమే. కానీ అడగడం అతని తప్పు కాదు, తెలుసుకోకపోవడం మా లోపం. అందుకే చదవడం మొదలుపెట్టాము.

కణానికి ముందుగా లోపలిని బయటి నుండి వేరుచేసే పొర కావాలి. కొవ్వు ఆమ్లపు అణువుకు ఒక కొన నీటిని కోరుతుంది, మరొక కొన నీటికి దూరమవుతుంది. తగిన నీటిలో అవి తోకలను లోపలికి దాచుకుని రెండు వరుసలుగా పేరి, గుండ్రని తిత్తులుగా మూసుకుంటాయి. సబ్బు బుడగలో గాలి ఉంటుంది, ఈ తిత్తిలో నీరుంటుంది.

ఆ పదార్థం ఆదిమ భూమిపై ఎక్కడిది? 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద ఒక ఉల్క రాలింది. దాని నుండి తీసిన పదార్థాలు నీటిలో ఇలాంటి తిత్తులను కట్టడం అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ డీమర్ చూపారు. 2003లో జాక్ షోస్టాక్ బృందం మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఈ పనిని ఎన్నో రెట్లు వేగవంతం చేస్తుందని కనుగొన్నది. మట్టి రేణువులు, వాటికి అంటిన ఆర్ఎన్ఏతో సహా, తిత్తుల లోపలికి చేరాయి.

మట్టి అనగానే "మన గ్రంథాన్ని సైన్సు నిరూపించింది" అని ప్రసంగించేవారు మనలో ఉన్నారు. ఆ తొందర తగదు. ఆ ప్రయోగం తిత్తుల గురించి చెప్పింది, ఆదమ్ అలైహిస్సలామ్ గురించి కాదు.

ఇక తెట్టు సంగతి. సముద్రజలంలోని లవణాలు ఈ పలుచని పొరలను చెడగొడతాయి. కనుక అగ్నిపర్వత ప్రాంతాల మంచినీటి వేడి గుంటలలోనే తొలి తిత్తులు ఏర్పడి ఉంటాయని డీమర్ వాదన. కాదు, రకరకాల కొవ్వు ఆమ్లాలు కలిస్తే ఉప్పును, వేడిని, క్షారాన్ని తట్టుకోగలవని 2019లో లండన్‌లోని నిక్ లేన్ బృందం చూపింది. సముద్రగర్భపు వేడి ఊటలే జన్మస్థానమని వారి పక్షం. వాదం ఇంకా తెగలేదు.

పొర కట్టడం ఇంత తేలికైనా, అది ఇంటికి గోడ మాత్రమే. తన ప్రతిని తానే చేసుకుంటూ బ్రతికే కణాన్ని ముడిపదార్థాల నుండి ఏ ప్రయోగశాలా ఇంతవరకు నిర్మించలేదు.

ఆ విద్యార్థికి ఇంతే చెప్పాము. వాననీరు పట్టి అందులో సబ్బు కరిగించి, తెట్టు కడుతుందేమో చూస్తానన్నాడు.